ఆయిల్ కలర్స్‌తో స్కేల్ మోడల్‌కి దుమ్ము, తుప్పు, వాన చారలు తెప్పించడం ఎలా

రాయగడ, జయపురం, గుణుపూర్, పర్లాకిమిడి వైపు మోడళ్ళు కట్టే మనవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేవి మూడు ప్రశ్నలు. ఆయిల్ కలర్ వారమైనా ఎందుకు ఆరదు? ఆరాక జిడ్డుగా ఎందుకు మెరుస్తుంది? వాన చార గీస్తే కుంచె గీతలా ఎందుకు కనిపిస్తుంది? ఈ మూడింటిలో రెండింటికి జవాబు తయారీలోనే ఉంది. అందుకే ఇక్కడ తయారీకి ఎక్కువ చోటు ఇచ్చాం.

ఉదాహరణకి 1:87 స్కేల్‌లో (అసలుదానిలో 87వ వంతు) బాక్స్‌ఎన్ వ్యాగన్, అంటే పైకప్పు లేని గూడ్సు పెట్టె తీసుకుందాం. కిరండూల్ నుంచి కొరాపుట్ మీదుగా విశాఖకి ఇనుప ఖనిజం వెళ్ళేది ఇలాంటి బండ్లలోనే. అనుమానం వస్తే స్టేషన్‌కి వెళ్ళి అసలుదాన్ని చూసుకోవచ్చు. టిప్పర్ లారీకైనా, 1:35 మిలిటరీ ట్రక్కుకైనా పని వరస ఇదే.

1. ముందు అసలు బండిని చూడండి

ఊహించి వేసిన మురికి ఎప్పుడూ బండి అంతటా ఒకేలా పడుతుంది. నిజం బండి మీద అలా ఉండదు. ఏ మరకకైనా ఒక కారణం ఉంటుంది: నీరు కారడం, చక్రం దుమ్ము లేపడం, సరుకు రాసుకుపోవడం, మనిషి చెయ్యి తగలడం. కారణం చెప్పలేని మరకని మోడల్ మీద పెట్టకండి.

ఖనిజం వ్యాగన్‌నే చూడండి. ఇనుప ఖనిజం చాలా బరువు. బాక్స్‌ఎన్ సగం నిండకముందే అది మోయగల బరువు అయిపోతుంది. కాబట్టి లోపలి గోడల కింది భాగం రాపిడికి నున్నగా అరిగి ఎర్రటి పొడి పట్టి ఉంటుంది, పై భాగంలో పాత తుప్పు మిగిలి ఉంటుంది. బొగ్గు బండిలా అంచుదాకా కుప్ప పోసిన ఖనిజం మోడల్ చూడగానే తప్పని తెలిసిపోతుంది. ఖనిజాన్ని రెండు బోగీల (వ్యాగన్ కింద చక్రాలుండే చట్రాల) మీదుగా రెండు చిన్న దిబ్బలుగా పోయండి. విశాఖలో టిప్లర్ యంత్రం వ్యాగన్‌ని పట్టి తిరగేస్తుంది కనుక పై అంచు వెంట రంగు లేచిపోయిన మచ్చలుంటాయి. తలుపుల సందుల్లోంచి పొడి రాలుతుంది కనుక కింద చారలు కడతాయి. బోగీల మీద బ్రేక్ దుమ్ము ముదురు గోధుమ రంగులో పేరుకుంటుంది.

దామంజోడి అల్యూమినా బండి అయితే లెక్క తిరగబడుతుంది. అల్యూమినా తెల్లటి పొడి. పై మూతల చుట్టూ, అక్కడి నుంచి పక్కలకి తెల్లని చారలు దిగుతాయి.

కొలత కూడా గుర్తుంచుకోవాలి. బాక్స్‌ఎన్ ఒక కొస కప్లర్ (బండిని బండికి తగిలించే కొక్కెం) నుంచి రెండో కొస కప్లర్‌కి 10.7 మీటర్లు. 1:87లో అది సుమారు 123 మిల్లీమీటర్లు. మోడల్ మీద 1 మిల్లీమీటర్ తుప్పు మచ్చ అంటే అసలు బండి మీద దాదాపు 9 సెంటీమీటర్ల బొబ్బ. అలాంటివి ఒకటో రెండో ఉండొచ్చు, వంద ఉండవు. 1:35లో అదే చుక్క 3.5 సెంటీమీటర్లు మాత్రమే, అక్కడ కొంచెం చెయ్యి వదలొచ్చు.

చూసేటప్పుడు రాసుకోవలసినవి:

□ నీరు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడి నుంచి కారుతుంది
□ దుమ్ము కింది నుంచి ఎంత ఎత్తుదాకా పట్టింది
□ సరుకు రంగు, మట్టి రంగు, తుప్పు రంగు ఒకటేనా, వేరువేరా
□ ఎక్కడ శుభ్రంగా ఉంది (దీన్ని అందరూ మరిచిపోతారు)

2. సామాను

రంగులు. విద్యార్థుల రకం కాకుండా ఆర్టిస్ట్ రకం ట్యూబులు కొనండి. వాటిలో పిగ్మెంట్ (రంగు పొడి) మెత్తగా నూరి ఉంటుంది. కామెల్ ఆర్టిస్ట్ ఆయిల్ కలర్స్ ఈ పనికి సరిపోతాయి. బరంపురంలోనో విశాఖలోనో ఆర్ట్ సామాను అమ్మేచోట అడగండి. మోడలింగ్ కోసమే చేసిన అబ్టైలుంగ్ 502 లాంటివి మంచివే, కానీ మొదట అంత ఖర్చు అవసరం లేదు. ఎనిమిది ట్యూబులు చాలు:

□ బర్న్ట్ అంబర్
□ రా అంబర్
□ బర్న్ట్ సియెన్నా
□ యెల్లో ఓకర్
□ లైట్ రెడ్ లేదా ఇండియన్ రెడ్
□ ఐవరీ బ్లాక్
□ టైటానియం వైట్
□ పేన్స్ గ్రే

డబ్బు తక్కువైతే మొదట బర్న్ట్ అంబర్, బర్న్ట్ సియెన్నా, ఓకర్, నలుపు, తెలుపు తీసుకోండి. మిగతావి తర్వాత చేరతాయి.

థిన్నర్. వాసన తక్కువ ఉన్న వైట్ స్పిరిట్ అన్నిటికన్నా మంచిది. అది దొరక్కపోతే పెయింట్ల షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ వాడొచ్చు, కానీ ముందు ఒక పరీక్ష చేయాలి. తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి గంటాగండి. మరక మిగలకుండా ఆవిరైతే పనికొస్తుంది. జిడ్డు వలయం మిగిలితే అది మోడల్ మీదా అలాగే మిగులుతుంది, వద్దు. దేవదారు చెక్క వాసన ఘాటుగా వచ్చే అసలు టర్పెంటైన్ కింది రంగుని పట్టుకుని లాగుతుంది. కిరోసిన్ జిడ్డు వదులుతుంది. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది, దాన్ని ఈ బల్ల దగ్గరికి కూడా రానీయకండి.

కుంచెలు. సన్న మొన ఉన్న 0, 000 సైజులు రెండు. 4 నుంచి 6 మిల్లీమీటర్ల మెత్తటి ఫ్లాట్ కుంచెలు రెండు. వెంట్రుకలు చెదిరిన పాత కుంచె ఒకటి, పొడి అద్దడానికి. ఫ్లాట్ కుంచె విషయంలో పిసినారితనం వద్దు, చారలన్నీ దానితోనే వస్తాయి.

మిగతావి: పూత లేని అట్టముక్కలు (మామూలు కార్టన్ పెట్టె చాలు), ఇంకు ఫిల్లర్, రెండు గాజు సీసాలు, ఇయర్ బడ్స్, మేకప్ స్పాంజి, టిష్యూ, నైట్రైల్ గ్లవుజులు.

కిటికీ తెరిచి పని చేయండి. కుంచె మొన నోట్లో పెట్టి సరిచేసే అలవాటుంటే మానేయండి. ఇంకొకటి, ఇది చిన్న సంగతి కాదు: అవిసె నూనె పీల్చిన గుడ్డలు, టిష్యూలు ఉండలా చుట్టి బుట్టలో పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళలో తడిపి పారేయండి.

3. రంగులోంచి నూనె తీయడం

మొదటి రెండు ప్రశ్నలకి జవాబు ఇక్కడుంది. ట్యూబులోంచి వచ్చే రంగు అంటే అవిసె నూనెలో నూరిన పిగ్మెంట్. ఆ నూనె నీళ్ళలా ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని మెల్లగా గట్టిపడుతుంది. నూనె ఎక్కువైతే ఆరడం ఆలస్యం, ఆరాక మెరుపు.

చేయవలసింది ఇది. అట్టముక్క మీద ఒక్కో రంగు కందిగింజంత పెట్టండి. రంగుకీ రంగుకీ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉండాలి. అరగంట నుంచి రెండు గంటలు అలా వదిలేయండి. రంగు చుట్టూ అట్ట మీద నూనె వలయం విస్తరిస్తుంది. రంగు పైన తడి మెరుపు పోయి, వెన్నలా ఉన్నది చుట్టిన పిండిలా కాస్త బిగుసుకుంటే సరిపోయినట్టు. పుల్లతో కదిపితే పొడిపొడిగా విరిగితే మరీ ఎక్కువసేపు ఉంచారు. ఒక చుక్క థిన్నర్ కలిపితే తిరిగి దారికొస్తుంది.

అందులోంచి రంగుని తీసి గాజు పలక మీదకో, పాత టైల్ ముక్క మీదకో మార్చి అక్కడ కలుపుకోండి. అట్ట మీదే కలిపితే అట్ట నారలు మోడల్ మీదకి వస్తాయి.

అన్ని రంగులూ ఒకేలా ఆరవు. అంబర్ రంగుల్లో మాంగనీస్ ఉంటుంది, అది ఆరడాన్ని వేగం చేస్తుంది. ఐవరీ బ్లాక్, టైటానియం వైట్ నిదానం. నలుపు అవసరమైన చోట దానిలో కొంచెం బర్న్ట్ అంబర్ కలిపితే ఆరడమూ త్వరపడుతుంది, నలుపు కూడా మరీ కాటుకలా ఉండదు.

4. మోడల్‌ని సిద్ధం చేయడం

అసలు రంగుని మీకు కావలసినదాని కన్నా ఒక మెట్టు లేతగా వేయండి. ఆయిల్ పనంతా అయ్యేసరికి మోడల్ ముదురెక్కుతుంది. ఎర్ర ఆక్సైడ్ రంగులో పదో వంతు తెలుపో ఓకరో కలిపితే చాలు.

డీకాల్స్ (నీళ్ళలో నానబెట్టి అంటించే అక్షరాలు, గుర్తులు) పెట్టి, ఒక రోజు ఆగి, గ్లాస్ (gloss, అంటే మెరిసే) క్లియర్ కోటు వేయండి. టామియా ఎక్స్-22 లాంటి యాక్రిలిక్ క్లియర్ అయితే వైట్ స్పిరిట్‌కి లొంగదు. కింద ఎనామెల్ రంగుంటే ఈ కోటు తప్పనిసరి. లేకపోతే థిన్నర్ తగలగానే రంగు లేచి వస్తుంది. కోటు పలచగా రెండుసార్లు వేసి, 24 గంటలు ఆరనివ్వాలి.

గ్లాస్ ఎందుకంటే, నున్నటి పైభాగం మీద పలచటి రంగు దానంతటదే సందుల్లోకి పరిగెడుతుంది. మ్యాట్ (మెరుపు లేని) పూత మీద అదే రంగు సుద్దముక్క నీళ్ళు పీల్చినట్టు పీల్చుకుపోయి, అంచుకి మరక వలయం మిగులుస్తుంది.

డై-కాస్ట్ (లోహంతో పోత పోసిన) టిప్పర్ అయితే ఫ్యాక్టరీ రంగు గట్టిదే, కానీ అక్షరాల ముద్రణ లేచిపోవచ్చు. అడుగున కనపడని చోట థిన్నర్ తడిపిన ఇయర్ బడ్‌తో పదిసార్లు రుద్ది చూడండి. బడ్‌కి రంగు అంటితే ముందు క్లియర్ వేయాలి.

ప్లాస్టిక్ పగుళ్ళు. చాలామందికి ఇది తెలియక సన్న భాగాలు విరుగుతాయి. రంగు లేని ప్లాస్టిక్‌లో ఎక్కడ బిగుతు ఉందో, అంటే ఇరుసు గుంటలు, నొక్కి బిగించిన అతుకులు, వంచిన మెట్లు, అక్కడికి థిన్నర్ చేరితే ప్లాస్టిక్ చిట్లుతుంది. వాష్ (సందుల్లోకి పారించే పలచటి రంగు) వేసేముందు లోపలి వైపు కూడా రంగు వేయండి. చక్రాలు విప్పేయండి. థిన్నర్ గుంటలో నిలిచితే వెంటనే టిష్యూ కొసతో పీల్చేయండి.

5. పని వరస

□ 1వ రోజు: గ్లాస్ కోటు
□ 2వ రోజు: పిన్ వాష్
□ 4వ రోజు: సెమీగ్లాస్ కోటు, పలచగా
□ 5వ రోజు: చుక్కలతో రంగు వెలిసేలా చేయడం
□ 6వ రోజు: వాన చారలు, తుప్పు
□ 8వ రోజు: దుమ్ము
□ 9వ రోజు: గ్రీజు మరకలు
□ 12వ రోజు లేదా ఆ తర్వాత: చివరి కోటు

వాన పడే నెలల్లో ప్రతి ఎడాన్నీ రెట్టింపు చేసుకోండి. మోడల్ మొత్తానికీ పలచటి రంగు పూసే ఫిల్టర్ అనే మెట్టుని ఇక్కడ చేర్చలేదు. 1:87లో దాని ఫలితం దాదాపు కనపడదు. చుక్కల పద్ధతి ఆ పనిని ఇంకా బాగా చేస్తుంది.

6. పిన్ వాష్

బర్న్ట్ అంబర్ రెండు పాళ్ళు, నలుపు ఒక పాలు. కందిగింజంత రంగుకి ఇంకు ఫిల్లర్‌తో 15 చుక్కల థిన్నర్. పలచటి డికాక్షన్‌లా ఉండాలి. సీసా వాల్చితే గాజు మీద లేత రంగు పొర మిగిలి జారిపోవాలి.

000 కుంచె మొనని ముంచి, సీసా అంచున ఒకసారి తాకించి, రివెట్ పక్కనో నిలువు బద్దీ మూలలోనో కేవలం తాకించండి. గీయకండి. రంగు దానంతటదే సందు వెంట పరిగెడుతుంది. అది ఆగినచోట మళ్ళీ తాకించండి. ఒక పక్క పూర్తయ్యాక 15 నుంచి 20 నిమిషాలు ఆగి, థిన్నర్‌తో తేమగా ఉన్న ఫ్లాట్ కుంచెతో చుట్టూ పొంగిన రంగుని పైనుంచి కిందికి తుడవండి. సందులో ఉన్నది సందులోనే ఉంటుంది.

నలుపొక్కటే వాడితే బండి బొమ్మ గీసినట్టు కనపడుతుంది. పసుపు బండికి రా అంబర్, పచ్చ బండికి బర్న్ట్ అంబర్‌లో కొంచెం నలుపు, బూడిద బండికి పేన్స్ గ్రే. అసలు రంగుకి ముదురు చుట్టం లాంటి రంగునే ఎంచుకోండి.

7. చుక్కలతో రంగు వెలిసేలా చేయడం

సెమీగ్లాస్ కోటు ఆరాక ఒక్కో ప్యానెల్ విడివిడిగా తీసుకోండి. బాక్స్‌ఎన్ పక్కన నిలువు బద్దీల మధ్య ఉన్న ఒక గడి అనుకోండి. ముందు ఆ గడిని థిన్నర్‌తో కొంచెం తేమ చేయండి, తడి మెరవకూడదు. గసగసం గింజంత చుక్కలు ఐదారు పెట్టండి: పై వైపు తెలుపు, ఓకర్, మధ్యలో బర్న్ట్ సియెన్నా, కింద బర్న్ట్ అంబర్. శుభ్రమైన ఫ్లాట్ కుంచెతో చుక్కల మీద పైనుంచి కిందికి లాగండి, కుంచెని ప్రతి రెండు లాగులకీ టిష్యూతో తుడవండి. చుక్కలు కనపడకుండా పోయి, గడి పైభాగం ఎండకి వెలిసినట్టు, కింద ముదిరినట్టు మిగలాలి.

ఆయిల్ పనంటే పూయడం ఒక వంతు, తుడవడం తొమ్మిది వంతులు. పెట్టిన రంగులో ఎక్కువ భాగం టిష్యూ మీదకి వచ్చిందంటే పని సరిగా జరుగుతున్నట్టే.

పక్క గడిలో అదే వరసలో చుక్కలు పెట్టకండి. ఒక గడిలో ఓకర్ ఎక్కువ, ఇంకొకదాంట్లో ఏమీ లేకుండా వదిలేయడం, ఇలా మార్చుకుంటూ పోండి.

8. వాన చారలు

మూడో ప్రశ్నకి జవాబు ఇది. చారని గీయకూడదు. చుక్క పెట్టి కిందికి లాగి, రెండు పక్కల నుంచీ సన్నం చేయాలి.

అ) రా అంబర్, తెలుపు సమంగా, నలుపు ఒక పుల్ల మొనంత. మురికి నీళ్ళ రంగు వస్తుంది. థిన్నర్ కలపకండి.

ఆ) నీరు బయల్దేరే చోట, అంటే తలుపు బందు, బద్దీ తల, పై అంచు పట్టీ కింద, గసగసం గింజలో సగమంత చుక్క పెట్టండి.

ఇ) ఐదు నుంచి పది నిమిషాలు ఆగండి. వేడి రోజున ఐదు చాలు.

ఈ) ఫ్లాట్ కుంచెని థిన్నర్‌లో ముంచి టిష్యూ మీద గట్టిగా పిండండి. బొటనవేలి గోరు మీద ఒకసారి రాయండి. గోరు మీద తడి గీత మిగిలితే ఇంకా పిండాలి. గోరు మసకబారి వెంటనే ఆరిపోవాలి. చారలు పాడయ్యాయంటే పదింట తొమ్మిదిసార్లు ఈ గోరు పరీక్ష చేయకపోవడమే కారణం.

ఉ) చేతి బరువు వేయకుండా, కుంచె బరువుతోనే చుక్క మీదుగా ఒక్కసారి కిందికి. మధ్యలో ఆగవద్దు. కుంచె తుడిచి, అవసరమైతే ఇంకోసారి.

ఊ) ఇప్పుడు చార కుంచెంత వెడల్పుగా ఉంటుంది. కుంచెని నిలువుగా తిప్పి, అంచుతో చారకి ఎడమ పక్కన, తర్వాత కుడి పక్కన కిందికి తుడవండి. మధ్యలో వెంట్రుకంత చార మిగులుతుంది.

ఎ) కింది కొసని కుంచె మొనతో రెండు మూడుసార్లు తట్టండి. కొస మాయమైపోవాలి. పైన ముదురు, కింద ఏమీ లేదు. ఇదే చార.

చార ఎప్పుడూ అడ్డం వచ్చిన పట్టీ దగ్గర ఆగుతుంది, అక్కడ కాస్త పోగై, పట్టీ కింది నుంచి ఇంకా పలచగా బయల్దేరుతుంది. పట్టీ మీదుగా ఒకే గీతగా దాటిపోయిన చార నీటి చార కాదు. ఒక గడిలో మూడు నాలుగు చారలుంటే, పక్క గడిలో ఒకటే ఉండనివ్వండి.

సునాబెడ దగ్గరుండి మిగ్-21 యుద్ధవిమానం మోడల్ చేస్తున్నవాళ్ళకి ఒక మాట: విమానం మీద మరకలు గాలి వెంట ముందు నుంచి వెనక్కి సాగుతాయి. రెక్కల మీద వాన చార లారీ మీదలా పైనుంచి కిందికి లాగితే బొత్తిగా తప్పు. కింది భాగంలో ఇంజన్ తలుపుల సందుల నుంచి వెనక్కి సాగే సన్నటి నూనె మరకలే ప్రధానం.

9. తుప్పు

పాత తుప్పు ముదురు, కొత్త తుప్పు నారింజ. ముదురుదే ఎక్కువ చోట ఉండాలి.

ముందు స్పాంజి చిన్న ముక్కని బర్న్ట్ అంబర్‌లో అద్ది, టిష్యూ మీద దాదాపు ఆరిపోయేదాకా తట్టి, పై అంచు వెంట, తలుపు కింది మూలల్లో తేలికగా తాకించండి. ఆ మచ్చల నడుమ మాత్రమే, 000 కుంచెతో, బర్న్ట్ సియెన్నా చుక్కలు. వాటిలో ఒకటి రెండింటికి బర్న్ట్ సియెన్నాతో ఓకర్ కలిపి మరింత చిన్న చుక్క. పెద్ద మచ్చ నుంచి ఒక చార కిందికి, 8లో చెప్పినట్టే. తుప్పు చార వాన చార కన్నా పొట్టిగా, సన్నగా ఉంటుంది.

గుణుపూర్ లైన్ మీద ఒకప్పుడు నడిచిన న్యారో గేజ్ ఆవిరి ఇంజన్లని 9 మిల్లీమీటర్ల పట్టాల మీద కట్టేవాళ్ళు తుప్పుతో పాటు తెల్లటి సున్నపు చారలు కూడా వేయాలి. బాయిలర్ నీళ్ళు కారి ఆరిన చోట, సేఫ్టీ వాల్వ్ చుట్టూ, బాయిలర్ కడిగే ప్లగ్గుల కింద. తెలుపులో రా అంబర్ చిటికెడు కలిపి, చాలా పలచగా.

10. దుమ్ము, ఎర్రమట్టి

ఇక్కడ మన ప్రాంతానికి సొంత రంగులు కలుపుకోవాలి. పుస్తకాల్లో చెప్పే యూరప్ దుమ్ము రంగు, లేత గోధుమ బూడిద, కొరాపుట్ ఘాట్ రోడ్డు మీద తిరిగే టిప్పర్‌కి నప్పదు.

□ ఎర్రమట్టి దుమ్ము: లైట్ రెడ్ 1, ఓకర్ 1, తెలుపు అర పాలు
□ ఇనుప ఖనిజం పొడి: బర్న్ట్ సియెన్నా 2, బర్న్ట్ అంబర్ 2, పేన్స్ గ్రే చిటికెడు
□ బొగ్గు పొడి: ఐవరీ బ్లాక్ 3, రా అంబర్ 1
□ అల్యూమినా: టైటానియం వైట్, రా అంబర్ పుల్ల మొనంత
□ సిమెంటు: తెలుపు 4, పేన్స్ గ్రే 1, రా అంబర్ అర పాలు

ఆరిన మట్టి తడి మట్టి కన్నా చాలా లేత. దుమ్ము రంగు ఎప్పుడూ మీ కంటికి మరీ తెల్లగా ఉంది అనిపించేంత లేతగా కలపండి.

కింది సిల్ పట్టీ, మెట్లు, బోగీ పక్కలకి థిన్నర్ తేమ చేసి, దుమ్ము రంగుని పలచగా (రంగు ఒకటికి థిన్నర్ నాలుగు) పాత కుంచెతో తట్టండి. పది నిమిషాల తర్వాత శుభ్రమైన కుంచెతో పైకి తట్టుతూ పై అంచుని కరిగించండి. దుమ్ము కింది నుంచి పైకి లేస్తుంది కనుక హద్దు పైన మసకగా మాయమవ్వాలి. అడ్డంగా గీసిన సరిహద్దులా ఆగకూడదు. ఖనిజం పొడి దీనికి వ్యతిరేకం: అది పై నుంచి పడుతుంది, కాబట్టి అడ్డ పట్టీల పైముఖం మీద, కప్లర్ మీద నిలుస్తుంది.

పెరట్లోని ఎర్రమట్టే వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. 1:35 లేదా అంతకన్నా పెద్ద స్కేల్‌కి వాడొచ్చు. ఎండలో ఆరబెట్టి, కల్వంలో మెత్తగా నూరి, పలచటి గుడ్డలో జల్లించి, దుమ్ము రంగు పూసిన చోట తడి ఉండగానే చల్లండి. 1:87కి పనికిరాదు. మట్టిలో 0.1 మిల్లీమీటర్ గింజ ఆ స్కేల్‌లో దాదాపు 9 మిల్లీమీటర్ల గులకరాయి. పైగా నూనె తగిలిన నిజం మట్టి మరీ ముదురెక్కుతుంది.

11. గ్రీజు, నూనె మరకలు

ఇక్కడ మాత్రం నూనె తీయని రంగు వాడండి, మెరుపు కావాలి. నలుపు రెండు పాళ్ళు, బర్న్ట్ అంబర్ ఒకటి. ఇరుసు పెట్టెల మధ్యలో, కప్లర్ కీలు దగ్గర, లారీ డీజిల్ ట్యాంకు మూత కింద. మూడు నాలుగు చోట్లు దాటకండి. ఇవి ఆరడానికి వారం పైనే పడుతుంది, కాబట్టి ముట్టుకోకుండా పట్టుకునే చోటు ముందే చూసుకోండి.

12. వానాకాలంలో ఆరబెట్టడం

జూన్ నుంచి అక్టోబర్ దాకా తేమ వల్ల ఆయిల్ పని మందగిస్తుంది. చలికాలంలో కొరాపుట్ కొండల మీద చలి కూడా అదే చేస్తుంది. ఒక పెద్ద అట్టపెట్టెకి అటూ ఇటూ రూపాయి బిళ్ళంత రంధ్రాలు నాలుగేసి పెట్టి, అడ్డంగా వైరు జాలీ అమర్చి, కింద చిన్న ఫిలమెంట్ బల్బు వెలిగించండి. బల్బు అట్టకి తగలకూడదు, దగ్గర మనిషి ఉండాలి. మోడల్ పక్కన థర్మామీటర్ పెట్టి 40 డిగ్రీలు దాటకుండా చూడండి, మరీ వేడెక్కితే ప్లాస్టిక్ వంగిపోయే ప్రమాదం ఉంటుంది. రంధ్రాలు మూయకండి. ఆరడానికి గాలి కావాలి, డబ్బాలో బంధించి సిలికా జెల్ పెడితే తేమ పోతుంది కానీ గాలి ఆడదు.

ఆరిందో లేదో తెలుసుకోవాలంటే వేలితో ముట్టకండి. ఏ రోజు ఏ రంగు వేశారో ఆ రంగునే ఒక ప్లాస్టిక్ ముక్క మీద కూడా పూసి పక్కన పెట్టండి, దాన్ని ముట్టుకోండి.

13. తప్పులు, సవరణలు

వాష్ చుట్టూ వలయం మిగిలింది. కింద మ్యాట్‌గా ఉంది లేదా థిన్నర్ ఎక్కువైంది. 24 గంటల లోపైతే తేమ కుంచెతో మొత్తం గడిని తుడిచి మళ్ళీ వేయండి. ఆరిపోయి ఉంటే ఇంకో గ్లాస్ కోటు వేసి, దాని మీద చుక్కల పద్ధతితో వలయాన్ని కలిపేయండి.

కింది రంగు లేచి వచ్చింది. క్లియర్ ఆరలేదు, లేదా ఒకేచోట ఎక్కువసేపు రుద్దారు. వెంటనే ఆపేయాలి. రుద్దితే గొయ్యి పెద్దదవుతుంది. రెండు రోజులు ఆరనిచ్చి, ఆ చోటుకి అసలు రంగు అద్ది, దాని మీద తుప్పు మచ్చ పెట్టండి. బండి మీద ఆ చోట తుప్పు రావడానికి కారణం ఉంటేనే సుమా. లేకపోతే గడి మొత్తానికి మళ్ళీ రంగు వేయడమే దారి.

అంతా ఒకే గోధుమ రంగులోకి దిగిపోయింది. చారలు, తుప్పు వేసిన రోజునే దుమ్ము కూడా వేసి ఒకదాన్నొకటి కరిగించారు. ప్రతి మెట్టు ఆరాకే తర్వాతిది. ఇప్పటికే అయిపోతే శుభ్రమైన థిన్నర్‌తో మొత్తం తుడిచేయండి. ఆరని ఆయిల్ కలర్‌కి ఉన్న గొప్ప సౌకర్యం ఇది, మొదటి రోజున ఏదైనా వెనక్కి తీసుకోవచ్చు.

చేతికి అంటుకుంటూనే ఉంది. నూనె తీయలేదు, లేదా రంగు మందంగా పడింది. మందంగా ఉన్న చోటుని తేమ కుంచెతో పలచన చేసి, వెచ్చటి పెట్టెలో వారం ఉంచండి. దీని మీద యాక్రిలిక్ కోటు వేసి మూసేయాలని చూడకండి, పై కోటు పగుళ్ళు ఇస్తుంది.

చివరి స్ప్రే తర్వాత తెల్లటి మంచు పట్టింది. గాలిలో తేమ ఎక్కువున్న రోజున స్ప్రే చేశారు. ఎండ కాసిన రోజు మధ్యాహ్నం అదే క్లియర్ ఇంకో పలచటి పూత వేస్తే చాలాసార్లు ఆ మంచు కరిగిపోతుంది.

14. చివరి కోటు

□ పక్కన పెట్టిన పరీక్ష ముక్క పూర్తిగా ఆరిందా
□ గ్రీజు మరకల మీద మాస్కింగ్ టేపు కాకుండా చిన్న కాగితం ముక్క అడ్డం పెట్టే ఏర్పాటు ఉందా
□ వాన లేని రోజేనా
□ స్ప్రే డబ్బాని గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి కుదిపారా

మ్యాట్ క్లియర్‌ని అడుగు దూరం నుంచి పలచగా రెండు విసుర్లు. దుమ్ము ఉన్న కింది భాగానికి కాస్త ఎక్కువ, పై భాగానికి తక్కువ. మ్యాట్ పడగానే దుమ్ము రంగు కొంత మాయమైనట్టు కనిపిస్తుంది, అది మామూలే. ఆరాక కావలసిన చోట దుమ్ముని ఇంకోసారి అద్దుకోవచ్చు.

చక్రాలు బిగించేముందు పట్టాని తాకే అంచుని థిన్నర్ తడిపిన ఇయర్ బడ్‌తో, బడ్ తెల్లగా వచ్చేదాకా తుడవండి. అసలు బండికీ ఆ ఒక్క చోటే ఎప్పుడూ వెండిలా మెరుస్తుంటుంది. మురికి మిగిలితే వ్యాగన్ పట్టా తప్పుతుంది, ఆ రంగు పట్టాల మీదుగా ఇంజన్ చక్రాలకి చేరి కరెంటు సరిగా అందనివ్వదు.